ఆయుధపూజయా? ఆయుధవిద్యయా?

ఏటేట విజయదశమినాడు మన తెలుగునాట ఆయుధపూజ జరుగుచున్నది. కమ్మరి తన సుత్తెకు, రైతు తన నాగలికి, లారీ తోలువాడు తన బండికి పసుపు కుంకుమలు పెట్టుదురు. ఇందు తప్పుపట్టదగినది లేదు. కమ్మరికి సుత్తె పట్టుట తెలియును. రైతునకు నాగలి తెలియును. తోలువానికి బండి తెలియును. వారి పూజకు వెనుక విద్య కలదు. కాని ఆనాడే కొన్ని యిండ్లలో అలమారునుండి 12 బోరు తుపాకి యొకటి బయటికి వచ్చి, బొట్టు పెట్టించుకొని, కొబ్బరికాయ కొట్టించుకొని, మరల అలమారులోనికి పోవును. దానిని పూజించినవానికి దానిని విప్పుట తెలియదు. లోపల తూటా యున్నదో లేదో చూచుట తెలియదు. దాని మూతిని ఎటు త్రిప్పి పట్టవలెనో తెలియదు. పూజ కలదు, విద్య లేదు. ఈ లోపమును గూర్చి చదువరులతో నాలుగు మాటలు నిష్కర్షగా చెప్పదలచితిని.

మొదటనే యొకటి స్పష్టము చేయుచున్నాను. ఇంటింట తుపాకి యుండవలెనని నా వాదము కాదు. అక్కఱలేని యింట అది లేకుండుటయే మేలు. నా వాదమెల్ల ఇంతియే: తుపాకి యున్నచోట దాని విద్యయు నుండితీరవలెను, విద్య లేనివాని చేతికి తుపాకి రాకూడదు. ఇది పిల్లలకు సైతము తెలిసిన మాటయే కదా యని మీరనవచ్చును. పిల్లలకు తెలిసినది పెద్దలు పాటించుట లేదు గనుకనే వ్రాయవలసివచ్చినది.

మన పట్టణములలో సామాన్యగృహస్థుని కంటబడు పెద్దతుపాకి యొక్కటే: బ్యాంకు గుమ్మమునొద్ద స్టూలుపై కూర్చున్న కావలివాని చేతిలోని రెండుగొట్టముల తుపాకి. పింఛను తీసికొనవచ్చిన ముసలమ్మలు, తల్లుల కొంగు పట్టుకొని వచ్చిన పసివారు దాని మూతి ముందునుండియే పోవుచు వచ్చుచుందురు. ఎవరును అడుగు ప్రక్కకు వేయరు. పల్లెలలో కంటబడునది మఱియొకటి: పూర్వపు దొరల లోగిళ్లలో తాతలనాటినుండి వచ్చుచున్న తుపాకి. అది కాల్చుటకు గాదు, చూపుటకు. ఎన్నికలు ప్రకటింపబడినప్పుడెల్ల ఠాణాలో అప్పగింపబడి, ఓట్ల లెక్కింపు ముగిసినపిమ్మట ఇంటికి మరలివచ్చుటయే అట్టి తుపాకులలో ననేకములు చేయు ప్రయాణము. యజమాని దానిని భుజమున నానించి యొక్కమారైన కాల్చియెఱుగడు. అయినను తుపాకి గలవాడను గౌరవము మాత్రము ఊరిలో నిలిచియుండును. తెలియని శాస్త్రమును తెలిసినట్లు నటించువానిని పండితసభలో నవ్వుదురు. తెలియని తుపాకిని భుజమున వేసికొని పెండ్లి ఊరేగింపులో నడచువానిని చూచి మనము నమస్కరించుచున్నాము.

శాసనము ఈ విషయమున నిద్రపోలేదు. 1959 నాటి ఆయుధ శాసనము ననుసరించి 21 యేండ్లు నిండనివానికి తుపాకి అనుమతి లేదు. 2016లో కేంద్రప్రభుత్వము వెలువరించిన ఆయుధ నిబంధనలలో 10వ నిబంధన, అనుమతి కోరువాడు ఆయుధ భద్రతా శిక్షణను పూర్తిచేయవలెనని విధించినది. తుపాకిని సురక్షితముగా పట్టుట, కాల్చు పద్ధతి, శుభ్రపఱచి కాపాడుట, ఇంట భద్రపఱచుట, ఒకచోటినుండి మఱియొకచోటికి తీసికొనిపోవుట మొదలగునవి యందు పాఠ్యాంశములు. 2019 నాటి సవరణ శాసనము సామాన్యముగా ఒక్కొక్కరు కలిగియుండదగిన తుపాకుల సంఖ్యను మూటినుండి రెంటికి తగ్గించినది. అనుమతి గడువును 3 యేండ్లనుండి 5 యేండ్లకు పెంచినది. సంబరములలో తుపాకి కాల్చి ఇతరుల ప్రాణములకు అపాయము తెచ్చువానికి 2 యేండ్లవరకు ఖైదు గాని, లక్ష రూపాయలవరకు జుర్మానా గాని, రెండును గాని విధింపవచ్చునన్నది.

శాసనము వేఱు, ఆచరణము వేఱు. శిక్షణ యనునది అనేకుల దృష్టిలో దరఖాస్తునకు జతపఱచు కాగితములలో నొకటి. ఫొటోలు, ఆధారు నకలు, వైద్యుని ధ్రువపత్రము, వానితోపాటు శిక్షణ ధ్రువపత్రము. నాకు పరిచితుడైన యొక గృహస్థు, "మాస్టరుగారూ, రెండు రోజుల తరగతిని గంటలో ముగించినారు, టీ కూడ ఇప్పించినారు" అని సంతోషముతో చెప్పెను. ఆయన నష్టపోయినదేమో ఆయనకు తెలియదు. బడికి రాకుండ పరీక్ష నెగ్గిన పిల్లవాని సంతోషము అట్టిదే. అయితే ఆ పిల్లవాని యజ్ఞానమువలన పొరుగువాడు చావడు.

చూడనిదానిని గూర్చి వాదించుట విద్యావంతులకు తగదు గనుక, మొదటి తరగతి యెట్లుండునో తెలిసికొనుటకు వేసవి సెలవులలో నేను హైదరాబాదు పోయి ప్రారంభకులతోపాటు కూర్చుంటిని. మా స్టేషన్ ఘన్‌పూరులో అట్టిది లేదు; సికిందరాబాదు రైలెక్కి సుమారు నూరు కిలోమీటర్లు పోవలెను. మొదటి పూట యంతయు ఒక్క తూటాయైన మా చేతికి రాలేదు. నేర్పువాడు తుపాకిని నడుమ విఱిచి, రెండు గొట్టములను మాకు చూపి, "ఖాళీగా నున్నదా?" యని యడిగెను. ఉన్నదంటిమి. దానిని ప్రక్కవాని చేతికిచ్చి, "నీవు మరల చూడు" మనెను. అట్లు తుపాకి పదుగురి చేతులు మాఱెను. పదిమారులును విప్పి చూడవలసివచ్చెను. ఒకడు విసుగుకొని, "ఇప్పుడే కదా చూచితిమి" అనగా, ఆయన, "ఖాళీ యని యొకరు చెప్పిన మాటపై నమ్మకముంచుట ఈ విద్యలో మొదటి నేరము" అనెను.

తరువాత నాలుగు సూత్రములు చెప్పెను. తుపాకి యేదైనను లోపల తూటా యున్నట్లే భావింపవలెను. చంపదలపనిదాని వైపునకు మూతిని త్రిప్పరాదు. కాల్చుటకు నిశ్చయించువఱకు వ్రేలిని ట్రిగ్గరుపై నుంచరాదు. గుఱి యేదియో, గుఱికి వెనుక నేమున్నదో ఎఱుగక కాల్చరాదు. ఈ నాలుగును లోకమంతట నేర్పబడు సూత్రములే. ఇందు రహస్యము లేదు. ట్రిగ్గరు నొక్కినను తూటా పేలనియెడల వెంటనే విప్పి చూడరాదనియు, మూతిని నిర్జనమైన దిక్కుననే నిలిపి కొంతసేపు వేచియుండవలెననియు చెప్పెను. చెవులకు మూతలు, కన్నులకు అద్దములు లేక ఎవరును గీత దాటరాదనెను.

అటుపిమ్మట లెక్క చెప్పెను. 12 బోరు అనగా ఒక పౌను సీసమును 12 సమానమైన గుండ్లుగా పోతపోసినచో ఒక్కొక్క గుండు ఎంత లావుండునో అంత లావు గొట్టము, సుమారు 18.5 మిల్లీమీటర్లు. 20 బోరు అనగా 20 గుండ్ల లెక్క. అందుచేత సంఖ్య పెరిగినకొలది గొట్టము సన్నబడును. ఈ లెక్క వినోదమునకై చెప్పినది గాదు. 20 బోరు తూటా 12 బోరు గొట్టములో పడినయెడల అది లోనికి జారి నడుమ చిక్కుకొనును. చూచువానికి తూటా పెట్టు చోటు ఖాళీగా కనబడును. వాడు మఱియొక తూటాను పెట్టి కాల్చును. గొట్టము చేతిలోనే పగులును. ఈ యపాయమును తప్పించుటకే 20 బోరు తూటాలను పసుపుపచ్చని రంగున చేయుట ఆచారమైనది. ఈ చిన్నమాట తెలియనివాడు తన వ్రేళ్లనే కోలుపోవచ్చును. గంటలో ముగిసిన తరగతిలో ఈ మాట చెప్పుటకు తీఱికయుండునా?

మఱునాడు మైదానమునకు తీసికొనిపోయిరి. యంత్రమునుండి మట్టిపళ్లెము పిట్టవలె ఎగురును. దానిని గాలిలో కొట్టవలెను. దీనినే మట్టిపిట్ట యందురు. రైఫిలువలె గుఱి నిలిపి కాల్చుట యిక్కడ పనికిరాదు. పళ్లెముతోపాటు గొట్టమును కదలించుచు దానికి కొంచెము ముందుగా కాల్చి, కాల్చినతరువాతను ఆ కదలిక నాపకుండవలెను. తూటాలోని సన్నగుండ్లు ముప్పది నలుబది మీటర్లలో పిట్టను పడగొట్టును. కాని అక్కడితో ఆగవు. అవి రెండువందల మీటర్ల దూరమువఱకును పోగలవు. పెద్దగుండ్లు ఇంకను దూరము పోవును. కావుననే ఆ మైదానమున గుఱి కంటె గుఱికి వెనుకనున్న నేలను ఎక్కువ శ్రద్ధతో ఖాళీగా నుంచుదురు. ఇదియే నేను పట్టుకొని వచ్చిన ముఖ్యపాఠము.

సంస్కృతము చదివినవాడనగుటచే నాకు ద్రోణుని పరీక్ష జ్ఞప్తికి వచ్చెను. ఆచార్యుడు శిల్పులచే కృత్రిమపక్షిని చేయించి చెట్టుపై నుంచి, ఏమి కనబడుచున్నదని శిష్యులను అడిగెను. ధర్మజుడు చెట్టును, గురువును, తమ్ములను, పక్షిని చూచుచుంటిననగా గురువు విసుగుకొని ప్రక్కకు పొమ్మనెను. అర్జునునకు పక్షి తల తప్ప వేఱేమియు కనబడలేదు, అతడే నెగ్గెను. ఏకాగ్రతకు దృష్టాంతముగా ఈ కథను మనము బడిపిల్లలకు తరతరములుగా చెప్పుచున్నాము. బాణము ఒక్క బిందువును తాకును గనుక ధనుర్విద్యలో ఆ పరీక్ష తగినదే కావచ్చును. వందలాది గుండ్లు వెదజల్లు తుపాకికి ఆ పరీక్ష తగదు. మా మైదానమున అయినచో అర్జునుడు తప్పును, ధర్మజుడు నెగ్గును. తమ్ములు ఎక్కడ నిలిచియున్నారో చూచినవాడే తుపాకి పట్టుటకు అర్హుడు.

మన పురాణములే దీనికి సాక్ష్యము. దశరథుడు చీకటిలో సరయూతీరమున కుండ మునిగిన చప్పుడు విని, ఏనుగు నీరు త్రాగుచున్నదనుకొని బాణము విడిచెను. తల్లిదండ్రులకు నీరు ముంచుచున్న మునికుమారుడు కూలెను. జరయను వ్యాధుడు దూరమునుండి శ్రీకృష్ణుని పాదమును చూచి లేడి యనుకొనెను. ఒకడు మహారాజు, శబ్దభేదియందు ప్రవీణుడు; వేఱొకడు వేటయే వృత్తిగా గలవాడు. ఇరువురకును గుఱి తప్పలేదు. గుఱి యేదియో తెలియకపోవుటయే తప్పు. మనము ఈ కథలలో శాపమును, కర్మఫలమును మాత్రమే చూచి కన్నీరు కార్చితిమి గాని, తెలియక కాల్చరాదను పాఠమును గ్రహింపలేదు.

ఈ పాఠము లేకపోవుటవలని కీడు మా పల్లెలకు దూరముగా లేదు. మక్కచేలపై, పల్లిచేలపై అడవిపందులు పడినచో రైతు ఒక్క రాత్రిలో ఆరునెలల కష్టమును పోగొట్టుకొనును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ శాసనములోని 11వ విభాగము, పంటకు నష్టము చేయు కొన్ని జంతువులను అధికారి వ్రాతమూలకమైన యనుమతితో వేటాడవచ్చునని చెప్పుచున్నది. కాని అనుమతి కొఱకు కాచుకొనలేక కొందఱు నాటుతుపాకి పట్టుచున్నారు. కొందఱు చేనిచుట్టు కరెంటుతీగ పఱచుచున్నారు. మక్కచేను మనిషి కంటె ఎత్తు. చీకటిలో ఆకు కదలినంతనే అది పందియో, ప్రక్కచేని కావలివాడో మంచెపైనున్నవానికి ఎట్లు తెలియును? పందియని భ్రమించి మనిషిని కాల్చిన వార్త చదివినప్పుడు మనము కాల్చినవానిని దుర్మార్గుడందుము. వాడు దుర్మార్గుడు గాడు. వానికి ఎవరును నాలుగవ సూత్రమును చెప్పలేదు. చెప్పవలసిన మనము పట్టణములలో కూర్చుండి అహింసను గూర్చి ఉపన్యసించుచుంటిమి.

ఇక ఆక్షేపణలకు వత్తును. తుపాకి నేర్పుట హింసను నేర్పుటయే యని కొందఱు సాధువర్తనులు చెప్పుదురు. వారి మనసు మంచిది. వారి తర్కము మంచిది కాదు. ఈత నేర్పుట నీటిలో దూకుమని ప్రేరేపించుట గాదు. అజ్ఞానమే అహింసయైనచో మన దేశమున అహింసకు కొదవ యుండరాదు. 1878లో లిట్టన్ ప్రభువు కాలమున ఆయుధ శాసనము వచ్చినప్పుడు ఐరోపావారికి మినహాయింపులిచ్చి ఈ దేశస్థుల చేతులు మాత్రమే కట్టిరి. 1887లో మద్రాసున జరిగిన కాంగ్రెసు మహాసభలో బిపిన్ చంద్రపాల్ ఈ భేదమును ఖండించి యా శాసనమును రద్దుపఱుపవలెనని పలికెను. ఆయన కోరినది రక్తపాతము గాదు, సమానత్వము. నిజాము ఏలుబడిలోనున్న మా సీమలో కట్టుబాటు మఱియొక రూపమున నుండెను. తుపాకి గడీలో నుండెను. భయము ఊరిలో నుండెను. 1946 జులై 4వ తేదీన, అప్పటి నల్లగొండ జిల్లాలోనిదియు నేటి జనగామ జిల్లాలోనిదియునగు కడవెండిలో, విసునూరు దేశ్‌ముఖు మనుష్యుల కాల్పులకు దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. నాడు జనుల చేతులలోనున్నవి కఱ్ఱలు, వడిసెలలు. ఆ ఘటనను తలచుకొన్నప్పుడు తుపాకిని పూజించుటకు గాని, దానిని చూచి వణకుటకు గాని నా మనసొప్పదు. ఒక యింటివారే యెఱిగి తక్కినవారందఱు ఎఱుగకుండుటవలన ఆ యంత్రమునకు దైవత్వము వచ్చినది. తెలిసినవారు పెరిగినకొలది అది యంత్రముగానే మిగులును.

మఱియు, నేర్పినంతనే పిల్లలు చెడుదురన్నచో జాతీయ విద్యార్థి సైనికదళమును ఏమనవలెను? 1948లో శాసనముచే నేర్పడిన యా దళమున బడిపిల్లలు .22 రైఫిలు పట్టుట నేర్చుకొనుచున్నారు. ఆజ్ఞ లేనిదే ముట్టరు. ఆజ్ఞ లేనిదే లేవరు. పదునాలుగేండ్ల బాలునకు ఇంత క్రమశిక్షణ నేర్పిన దేశము, ఏబదియేండ్ల గృహస్థునకు ఒక కాగితముపై ముద్రవేసి రెండుగొట్టముల తుపాకిని అప్పగించుట వింత గాదా?

రెండవ ఆక్షేపణ స్త్రీలను గూర్చినది. ఆడవారికి ఈ తరగతి యెందులకని అడుగువారు ఇంటి సంగతి ఎఱుగనివారు. తుపాకి పురుషుని పేర నుండును. అలమారు తాళము స్త్రీ కొంగున నుండును. పసివాడు తాళము తీసినప్పుడు, తండ్రి ఊరిలో లేనప్పుడు, ఆ తుపాకిని చూచునది తల్లి. తూటాలు ఒకచోట, తుపాకి వేఱొకచోట తాళమువేసి యుంచవలెనను మాట ఆమెకే ముందుగా తెలియవలెను. ఇక శక్తి మాటకు వచ్చినచో, మల్లు స్వరాజ్యముగారు (1931–2022) దళమును నడపిన నేలపై నిలిచి స్త్రీకి తుపాకి చేతగాదనుట సిగ్గుచేటు. 1992లో బార్సిలోనా ఒలింపిక్సునందు స్త్రీపురుషులు కలిసి పోటీచేసిన స్కీట్ పందెములో చైనా దేశపు జాంగ్ షాన్ 225 మట్టిపళ్లెములలో 223 కొట్టి, పురుషులనందఱిని మించి స్వర్ణపతకము గెలిచెను. దానికి ఫలమేమి? 1996 ఒలింపిక్సులో స్త్రీలకు ఆ పందెమే లేకపోయెను. 2000 సంవత్సరమున సిడ్నీలో గాని వారికి ప్రత్యేకముగా నేర్పడలేదు. గెలిచిన స్త్రీకి తలుపు మూయుట మన యూళ్లకే పరిమితమైన దురాచారము గాదని దీనివలన తెలియుచున్నది.

మూడవ ఆక్షేపణ మన ప్రాంతమునకు ఇవి తగవనునది. 2023లో హాంగ్‌జౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో హైదరాబాదువాడైన కైనన్ చెనాయ్ ట్రాప్ పందెమున జట్టుతో కలిసి స్వర్ణమును, ఒంటరిగా కాంస్యమును గెలిచెను. గచ్చిబౌలిలో రాష్ట్రపు కాల్పుల మైదానము కలదు. విద్య హైదరాబాదున కలదు. తుపాకి జిల్లాలలో కలదు. నడుమ నూరు కిలోమీటర్లు కలవు. లోపము దేశకాలములది గాదు, పంపకముది. ఏకలవ్యునకు గురువు దొరకకపోవుట ఆనాడు కులమువలన. నేడు మా పల్లెటూరివానికి దొరకకపోవుట రైలు ఛార్జీవలనను, రుసుమువలనను.

కావున నేను కోరునవి ఇవి. ప్రతి జిల్లాకేంద్రమున పోలీసువారి కాల్పుల మైదానము నెలకు రెండు దినములైనను ఈ తరగతికి తెఱవవలెను. రుసుము రైతు భరింపగలిగినంత యుండవలెను. ధ్రువపత్రము ఇచ్చుటకు ముందు, నేర్పినవాడు గాక వేఱొక అధికారి ఎదుట అభ్యర్థి తుపాకిని విప్పి, ఖాళీయని చూపి, నాలుగు సూత్రములను తన మాటలలో చెప్పి, కాల్చి చూపవలెను. 5 యేండ్లకు అనుమతిని పొడిగించునప్పుడు ఆ పరీక్షను మరల పెట్టవలెను. భద్రపఱచు పాఠమునకు ఇంటిలోని యుక్తవయస్కులందఱు, విశేషించి స్త్రీలు, రావలెను. పంటకాపుదలకు నియమింపబడువారికి ఈ పరీక్ష మఱింత కఠినముగా నుండవలెను. బ్యాంకు గుమ్మపు కావలివానికి ఏటేట అభ్యాసము కల్పింపవలెను. ఇందు ఒక్కటియు క్రొత్త శాసనము కొఱకు కాచుకొని కూర్చుండవలసిన పని గాదు. ఉన్న నిబంధనను నిజముగా నడపినచో చాలవఱకు నెఱవేఱును.

చదువరులారా, మీ యింట తుపాకి లేకపోవచ్చును. మీ వియ్యంకుని యింట నుండవచ్చును. మీ వీధి చివర నుండవచ్చును. మీ పిల్లలు బ్యాంకు గుమ్మము దాటి పోవుచుందురు. కావున రాబోవు దసరానాడు మీ యెదుట ఎవరైన తుపాకికి బొట్టు పెట్టినయెడల వారిని మర్యాదతోనే ఒక్క ప్రశ్న యడుగుడు: "అయ్యా, దీనిని విప్పి ఖాళీగా నున్నదో లేదో చూపగలరా?" చూపగలిగినచో నమస్కరింపుడు. చూపలేనిచో పిల్లలను తీసికొని ఆ గదినుండి బయటికి రండు. మఱునాడు ఆయనను తరగతికి పంపుడు.